నీళ్ళ డబ్బాకు తెల్లగుడ్డ

మౌనంలో ఉన్నవాడికి కోపం రాదని జనం అనుకుంటారు. ఒక్క వారం నా గుహలో ఉండి చూస్తే తెలుస్తుంది. నలుగురిలో తిరిగేవాడి కోపం నోటి దారిన పోతుంది. నోరు కట్టుకున్నవాడి కోపం ఎక్కడికి పోతుంది? వాడితోనే తింటుంది, వాడి పక్కనే పడుకుంటుంది. తొమ్మిదేళ్ళుగా నేను దానితో కాపురం చేస్తున్నాను. ఇప్పుడు ఈ నాలుగు ముక్కలూ రాయిస్తున్నది కూడా అదే.

మఠంలో నన్ను అబూనా సరబామోన్ అంటారు, అబూనా అంటే తండ్రిగారు. అమ్మ పెట్టిన పేరు వదీ. నైలు ఒడ్డున అఖ్మీమ్ పట్నం అవతల చిన్న పల్లె మాది. అమ్మ తఫీదా, చెల్లెలు ఇన్సాఫ్, నేను. నాన్న మా చిన్నప్పుడే పోయాడు.

సన్యాసం పుచ్చుకున్న రోజున చనిపోయినవాళ్ళ మీద చదివే ప్రార్థనలే మా మీద చదివారు. గుడి తెర కప్పి నేలమీద పడుకోబెట్టారు. నా పక్కన అదే తెర కింద ఇంకొకడు ఉన్నాడు, బిసాదా. పైన మఠం పెద్ద గంభీరంగా చావు ప్రార్థన చదువుతుంటే, బిసాదా నా చెవిలో, "ముక్కు దురద పెడుతోంది. చచ్చినవాడు గోక్కోవచ్చా?" అన్నాడు. నవ్వు ఆపుకోలేక తెర కింద నా ఒళ్ళంతా ఊగిపోయింది. ఏడుస్తున్నానని బయట జనం అనుకున్నారట. ఆ రోజు నుంచి మేమిద్దరం అన్నదమ్ముల కంటే ఎక్కువ.

ప్రార్థన అయ్యాక అమ్మ నా దగ్గరికి వచ్చింది. నల్ల ముసుగు, కొంగున కట్టిన తాళాలు, చేతిలో నా కోసం చేసిన షొరేక్ రొట్టెల మూట. మా వైపు మంచికీ చెడుకీ షొరేక్ ప్రతి ఇంట్లోనూ చేస్తారు. అమ్మ మాత్రం ప్రతి రొట్టె నడుమా బొటనవేలితో ఒక నొక్కు నొక్కేది. దీవెన జారిపోకుండా కూర్చోడానికి చోటు అనేది.

"నువ్వు చచ్చావట కదా," అంది అమ్మ.

"అలాగే చదివారు."

"సరే. చచ్చినవాడివి ఇంటికి రానక్కర్లేదు. ఉత్తరం రాయనక్కర్లేదు. నేను పోయేటప్పుడు మాత్రం ఒక్కసారి లేచి రా. సమాధిలోంచి లాజరు లేచాడు, నీకేం రోగం?"

"లేచి వస్తానమ్మా."

"ఒట్టు?"

"ఒట్టు."

నా జీవితంలో నేను దాచుకున్న ఆస్తి ఆ ఒక్క మాటే. మిగిలినవన్నీ వదిలేశాను.

ఆరేళ్ళు మఠంలో ఉన్నాక ఏకాంతానికి అనుమతి వచ్చింది. మఠం నుంచి గంటన్నర ఎక్కితే నా గుహ. గుహ నోరు పడమటికి. లోపల తూర్పు గోడ మీద బొగ్గుతో గీసిన శిలువ. ఏడాదికి ఒక్కసారి, మఠం పండుగ నాడు దిగి, పూజ చూసి మధ్యాహ్నానికి మళ్ళీ ఎక్కాలి. ఆ రోజైనా, మిగతా రోజుల్లోనైనా ఎవరితోనూ మాట లేదు. శనివారం శనివారం బిసాదా నీళ్ళు, ఎండు రొట్టె, ఉప్పు తెచ్చి గుహ ముందు పెట్టి, ఖాళీ డబ్బా తీసుకుని దిగిపోవాలి. అతనూ మాట్లాడకూడదు, నేనూ మాట్లాడకూడదు.

ఆ నియమం బిసాదాకు ఎంత కష్టమో నాకు తెలుసు. నోట్లో నువ్వుగింజ నానని మనిషి. వంటశాలలో పప్పు మాడితే ఆ సంగతి అందరికంటే ముందు నైలు అవతలి ఒడ్డుకు చేరేది అతని వల్లే. అందుకే మేమిద్దరం ఒక ఏర్పాటు చేసుకున్నాం. నీళ్ళ డబ్బా మెడకు ఎప్పుడూ తెల్లగుడ్డ పీలిక కట్టి ఉంటుంది. మా అమ్మకు ప్రాణం మీదికి వస్తే నల్లగుడ్డ. నల్లది కనిపించిన క్షణాన నేను దిగిపోతాను. ఇంక ఏ కబురూ నాకు అక్కర్లేదు.

"పోపుగారు చచ్చిపోయినా చెప్పొద్దా?" అన్నాడు బిసాదా.

"వద్దు."

"మఠం పడిపోతే?"

"నువ్వు పడిపోతే చెప్పు. రొట్టె ఎవరు తెస్తారో తెలియాలి కదా."

కొండ మలుపు దగ్గర బిసాదా అడుగులు వినిపించేసరికి నేను తూర్పు గోడకు ఎదురుగా చేతులు చాపి నిలబడి ఉండేవాణ్ణి. అతను నా వెనకగా వచ్చి, డబ్బా దించి, రాతికి ముద్దుపెట్టుకుని వెళ్ళిపోయేవాడు. అతని అడుగుల చప్పుడు పూర్తిగా అణిగాక వెనక్కి తిరిగి మొదట డబ్బా మెడ చూసేవాణ్ణి. తెల్లది. అమ్మ ఉంది. ఆ వారానికి అదే నాకు సువార్త.

నిరుడు పండుగ అయిన మూడో శనివారం రొట్టెతో పాటు గుడ్డలో చుట్టిన షొరేక్ రొట్టెలు నాలుగు వచ్చాయి. అంతకుముందు కూడా అమ్మ రెండు మూడేళ్ళకోసారి పంపేది. నాకు ప్రాణం లేచివచ్చింది. విప్పి చూస్తే నడుమ బొటనవేలి నొక్కు లేదు. కొరికితే సోంపు ఎక్కువైంది, నెయ్యి తక్కువైంది. అమ్మకు వయసు మీద పడుతోంది, చెయ్యి తప్పుతోంది, వేలు నొప్పేమో అనుకున్నాను. మూడు వేల రాత్రులు ఒంటరిగా కూర్చుని, చీమ నడిచినా వింటానని లోలోపల మురిసిపోయేవాణ్ణి నేను. వేలి నొక్కు ఎందుకు లేదో మాత్రం నాకు తట్టలేదు. నాలుగు రోజులు దాచుకుని దాచుకుని తిన్నాను. నాలుగూ తిన్నాక ఖర్జూరపు ఆకుతో శిలువ ఒకటి అల్లి, ఆ గుడ్డలోనే మడిచి, తర్వాతి శనివారం ఖాళీ డబ్బా మీద పెట్టాను. అమ్మకు ఎప్పుడూ నేను పంపే జవాబు అదే.

బిసాదా అది తీసుకున్నాడు. తీసుకున్న చప్పుడు విన్నాను.

ఈ ఏడు పండుగకు దిగాను. మామూలుగా నన్ను చూడగానే జనం పక్కకు తప్పుకుని దారి ఇస్తారు, ముసలివాళ్ళు ఒకరిద్దరు చెయ్యి ముద్దు పెట్టుకుంటారు. ఈసారి మీద పడ్డారు. అంగీ అంచు పట్టుకున్నారు. ఒకావిడ తన జబ్బు బిడ్డ తలకు నా జేబు రుమాలు రాసింది. "ఈయనేనటే," అని ఒకరి చెవిలో ఒకరు చెప్పుకుంటున్నారు. ఏమిటో నాకు అర్థం కాలేదు. ఏకాంతం వాసన దూరానికి కొడుతుందేమోలే అని, సిగ్గు లేకుండా, కొంచెం సంతోషించాను కూడా.

పూజలో స్తంభం వెనక నా చోట కూర్చున్నాను. చనిపోయినవాళ్ళను తలుచుకునే చోటికి వచ్చింది. జనం చీటీల మీద పేర్లు రాసి ఇస్తారు, పాదిరి ఒక్కొక్కటీ విప్పి చదువుతాడు. ఆ రోజు చదువుతున్నది పట్నం నుంచి వచ్చిన చిన్న వయసు పాదిరి. నేను గుడిలో ఉన్నానో లేనో అతనికి తెలియదు. మైకు దగ్గరగా పెట్టుకుని చదువుకుంటూ పోతున్నాడు. హబీబ్. మరియం, ఆమె పసిబిడ్డ. షెనూద, రోడ్డు ప్రమాదం. తఫీదా, అబూనా సరబామోన్ తల్లి, ఏడాది ప్రార్థన.

ఇంకో తఫీదా అయ్యుంటుంది అనుకున్నాను. ఇంకో సరబామోన్ ఉన్నాడా అని మఠాలన్నీ మనసులో వెతికాను. లేడు. పాదిరి తర్వాతి చీటీకి వెళ్ళిపోయాడు. నా చుట్టూ అందరూ "ప్రభువా కరుణించు" అంటున్నారు. నేనూ అన్నాను. మా అమ్మ కోసం నేను అన్న మొదటి మాట అది, ఊరి జనం నోటితో పాటు, ఏడాదికి.

ఆ రోజు సంస్కారపు రొట్టె, ద్రాక్షారసం తీసుకోలేదు. చేతిలో కత్తి ఉన్నవాడు ప్రభువు బల్ల దగ్గరికి వెళ్ళకూడదు. కత్తి అంటే కత్తే కానక్కర్లేదు.

అతిథుల ఇంటి ముందు యాత్రికులు కింద కూర్చుని చిక్కుడు పప్పు తింటున్నారు. నల్లబట్టల్లో ఒక ఆడమనిషి పళ్ళెం పట్టుకుని తిరుగుతూ అందరికీ షొరేక్ పంచుతోంది. తలెత్తకుండానే నా చేతిలో కూడా ఒకటి పెట్టింది.

"తీసుకోండి అబూనా. మా అమ్మ పేరు మీద. తఫీదా అని తలుచుకోండి."

రొట్టె నడుమ నొక్కు లేదు. సోంపు వాసన గుప్పుమంది. నిరుడు నేను నాలుగు రోజులు దాచుకుని తిన్నది ఏ రొట్టో అప్పుడు తెలిసింది. సమాధి దగ్గర పంచే రొట్టె. తిన్న ప్రతివాడూ పోయినవాళ్ళ పేరు చెప్పి కరుణ అడగాలి. మా అమ్మ చావు రొట్టె నేను తిని, నెయ్యి తక్కువైందని అమ్మకే వంక పెట్టాను.

"ఇన్సాఫ్," అన్నాను.

తలెత్తింది. గుర్తు పట్టడానికి కొంచెం సేపు పట్టింది.

"ఓహో, తమరా," అంది. "కొండ దిగారే. మా మీద ఇంత దయ ఎప్పటినుంచో."

"అమ్మ ఎప్పుడు పోయింది?"

"ఇదేం పరీక్ష? ముసలిదాని తేదీ నాకు గుర్తుందో లేదో చూస్తున్నావా?"

"నాకు తెలీదే. నిజంగా తెలీదు."

"తెలీదా. మరి శిలువ ఎందుకు పంపావు? అమ్మ మట్టి ఆరకముందే పంపావుగా. తల్లికి కొడుకు చేసిన కర్మకాండ, ఇంతే ఉంది," అంటూ బొటనవేలు, చూపుడువేలు దగ్గరగా పెట్టి చూపించింది. "దాన్ని పొయ్యిలో పడేద్దామనుకున్నా. ఆకు శిలువ కదా, పాపమని గోడకి గుచ్చాను. రోజూ దాని ముఖం చూసి నిన్ను తిట్టుకుంటున్నా."

"రొట్టె అమ్మ పంపిందనుకున్నాను."

ఇన్సాఫ్ పళ్ళెం గోడ మీద పెట్టింది. నా ముఖం వైపు చూసింది.

"గురువారం నేనే ఫోను చేశాను," అంది మెల్లగా. "అబూనా బిసాదా ఎత్తాడు. అమ్మకి అయిపోతోంది, అన్నయ్యని పంపండి అన్నాను. శనివారం ఎక్కుతా, చెప్తా అన్నాడు. అమ్మకి అదే చెప్పాను. అయితే శనివారం దాకా నిలబడతా అంది. నిలబడింది కూడా. డాక్టరే నోరు తెరిచాడు. ఆదివారం పొద్దున్నే నాతో తల దువ్వించుకుంది, వాడు వచ్చేసరికి దెయ్యంలా ఉంటే జడుసుకుంటాడు అని. ప్రతి బండి చప్పుడుకీ చూడవే, చూడవే అని."

"తర్వాత?"

"సాయంత్రానికి నాకు ఒళ్ళు మండి నిన్ను నానా మాటలూ అన్నాను. ఊరుకోవే, ప్రార్థనలో ఉండుంటాడు, వాణ్ణి కదిలించకండి అంది. మళ్ళీ మాట్లాడలేదు. సోమవారం తెల్లారాక పోయింది."

గోడకు ఆనుకున్నాను.

"మన పాదిరి సమాధి దగ్గరే చెప్పాడు, తల్లి పిలిచినా కొండ దిగని తపస్వి అని. అందరూ కళ్ళొత్తుకున్నారు. ఊరు ఊరంతా నిన్ను మెచ్చుకుంది. నేను తప్ప."

జనం నా అంగీ ఎందుకు పట్టుకున్నారో అప్పుడు అర్థమైంది. "ఈయనేనటే" అంటే ఏమిటో కూడా.

"ఇప్పుడు నీతో వస్తాను. సమాధి చూపించు," అన్నాను.

"వచ్చి ఏం చేస్తావు? ఊళ్ళోవాళ్ళు నీ చేతులు ముద్దులు పెట్టుకుంటారు. నేను నిలబడి చూడాలి. నీకు తెలీదని నేను నమ్ముతాను, నీ ముఖమే చెప్తోంది. నేను నమ్మి ఏం లాభం? నమ్మాల్సింది పోయింది." పళ్ళెం మళ్ళీ ఎత్తుకుంది. "ఆ రొట్టె తిను. ఈసారి పేరు చెప్పి తిను."

ఆమె ముందే తిన్నాను. పేరు చెప్పి తిన్నాను.

బిసాదా సామాన్ల కొట్లో ఉన్నాడు. నీళ్ళ డబ్బాలు తిరగేసి ఆరబెడుతున్నాడు. నన్ను చూసి నవ్వుతూ లేచి, మౌనం గుర్తొచ్చి, చేతితోనే "ఏం కావాలి" అన్నట్టు అడిగాడు.

"గుడ్డ," అన్నాను.

అతను నా గొంతు విని తొమ్మిదేళ్ళయింది.

"ఏ గుడ్డ?"

"నల్లది."

కొట్టు మూలకో, పెట్టెలోకో వెళతాడనుకున్నాను. అంగీ లోపలి జేబులో చెయ్యి పెట్టి తీశాడు. నాలుగు మడతలు పెట్టిన పీలిక. మడతల దగ్గర నలిగి బూడిద రంగుకు తిరిగింది.

"ఆ శనివారం నుంచీ ఇక్కడే ఉంది," అన్నాడు.

"నమ్మించి గొంతు కోశావు బిసాదా."

"కోశాను."

"అమ్మ గురించి ఒక్క గుడ్డపీలిక. ఇంకేమీ అడగలేదు నిన్ను. తొమ్మిదేళ్ళలో ఇంకేమైనా అడిగానా?"

"అడగలేదు."

"మఠం పెద్దకు ఏం చెప్పావు?"

"నీకు చెప్పాననే చెప్పాను. మరి దిగలేదేం అన్నాడు. రానన్నాడు అన్నాను."

"నేను మాట్లాడను కదా. ఎలా రానన్నాను?"

"తల అడ్డంగా ఊపావని చెప్పాను."

"నా తల నీ చేతిలో ఉందన్నమాట. ఇంకా ఏమేం ఊపావు దాన్ని?"

బిసాదా డబ్బా మీద కూర్చున్నాడు. వెయ్యి మాటల మనిషి, ఆ ఒక్క సంగతి పదకొండు నెలలు ఎలా దాచాడో నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. ఎవరితోనైనా వాగి ఉంటే ఎంత బాగుండేది. అతని వాగుడు వల్ల మఠంలో అందరూ ఎప్పుడో ఒకప్పుడు ఇబ్బంది పడ్డారు. నేను మాత్రం అతని మౌనం వల్ల చెడ్డాను.

"ఎందుకు?" అన్నాను.

"చెప్తే నీకు పిచ్చి అనిపిస్తుంది."

"చెప్పు."

"ఈ మఠంలో నా పని ఏంటి? తాళాలు, ఫోను, పప్పు, యాత్రికుల గోల. ఇరవై ఏళ్ళకి దగ్గరపడుతోంది, ఒక్క గంట తిన్నగా నిలబడి ప్రార్థన చేసి ఎరగను. నిలబడితే చాలు, నూనె అయిపోయిందని ఒకడు, పైపు పగిలిందని ఒకడు. శనివారం ఒక్కటే నాది. ఎక్కి నీ వీపు చూసి దిగేవాణ్ణి. అంతే. మనలో ఒకడైనా నిలబడి ఉన్నాడు, చాలు, అనుకునేవాణ్ణి. ఆ వీపు చూసి వారమంతా బతికేవాణ్ణి."

"అందుకని?"

"ఆ రోజు రెండు గుడ్డలూ జేబులో పెట్టుకునే ఎక్కాను, దేవుడి సాక్షిగా. తెల్లది దారిలో పారేద్దామనుకున్నాను కూడా. వచ్చేసరికి నువ్వు గోడ దగ్గర నిలబడి ఉన్నావు. చేతులు చాపి. నేను దగ్గాను. నువ్వు కదల్లేదు. మళ్ళీ దగ్గాను. ఈ లోకంలోనే లేవు నువ్వు. నల్లగుడ్డ చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయాను. ఈ మనిషిని ఇక్కణ్ణించి కిందికి లాగితే మళ్ళీ పైకి ఎక్కడేమో అనిపించింది. నువ్వు ఎక్కకపోతే నేను ఎవరి వీపు చూడాలి?" ముక్కు తుడుచుకున్నాడు. "తెల్లది కట్టాను. దిగేటప్పుడే తెలుసు తప్పని. వెనక్కి ఎక్కడానికి ధైర్యం చాల్లేదు. ఆ తర్వాత రొట్టెలు వచ్చాయి. తినలేను, పారేయలేను. నీకు తెచ్చాను. తిట్టు అబూనా. కొట్టు. ఏదో ఒకటి చెయ్యి."

అరికాలి మంట నెత్తికెక్కి వచ్చినవాణ్ణి. తొమ్మిదేళ్ళ కోపం గొంతు దాకా ఉంది. కాని ఆ మాట విన్నాక దొంగకు తేలు కుట్టినట్టు నిలబడిపోయాను. నేను క్షమిస్తున్నానని బిసాదా అనుకున్నాడో, ఇంకా శిక్షిస్తున్నానని అనుకున్నాడో తెలియదు. నల్లగుడ్డ అతని చేతిలోనే వదిలేసి బయటికి వచ్చి, ఎవరి వైపూ చూడకుండా కొండ ఎక్కాను. నేను మధ్యాహ్నానికల్లా ఎక్కడం వాళ్ళకు మామూలే. వెనక ఎవరో "చూశావా, పండుగ భోజనం కూడా ముట్టలేదు" అన్నారు.

ఆరు రోజులు గుహలో కూర్చున్నాను. కీర్తన మొదలుపెడితే రెండో చరణానికి బిసాదా గొంతు వచ్చేది. పడుకుంటే అమ్మ తల దువ్వించుకుంటూ కనిపించేది. ఎన్నిసార్లు బిసాదాను తిట్టుకున్నానో లెక్క లేదు. ప్రతి తిట్టూ కొంత దూరం వెళ్ళి నా దగ్గరికే తిరిగి వచ్చింది. ఎందుకంటే ఆ శనివారం నాకు బాగా గుర్తుంది.

ఏడో రోజు శనివారం. ఎండ ఇంకా ముదరలేదు. మలుపు దగ్గర డబ్బా రాతికి తగిలిన చప్పుడు వినిపించింది. నా మోకాళ్ళు వాటంతట అవే లేచాయి. తూర్పుకు తిరిగాను, చేతులు సగం దాకా లేచాయి. తొమ్మిదేళ్ళ అలవాటు. వాటిని కిందికి దించడానికి ఆ తొమ్మిదేళ్ళలో ఎన్నడూ పడని కష్టం పడ్డాను. గుహ ముందుకు వచ్చి, రాయి మీద, దారికి ఎదురుగా కూర్చున్నాను.

బిసాదా పైకి వచ్చాడు. నన్ను చూసి ఆగిపోయాడు. తొమ్మిదేళ్ళలో ఇక్కడ నేను కూర్చుని ఉండగా అతను చూడలేదు. డబ్బా మెడకు నల్లగుడ్డ కట్టి ఉంది.

"ఒంట్లో బాలేదా?" అన్నాడు.

"బాగానే ఉంది."

"మరి కూర్చున్నావే?"

"నువ్వు మలుపు దగ్గర డబ్బా దించుతావు కదా."

"దించుతా. అక్కడికొచ్చేసరికి చెయ్యి లాగుతుంది."

"ఎప్పుడూ దించుతావా?"

"ఎప్పుడూ. ఏం?"

"ఆ చప్పుడు ఇక్కడికి వినిపిస్తుంది."

"వినిపిస్తే?" అన్నాడు. నా వైపు చూశాడు, లోపల తూర్పు గోడ వైపు చూశాడు, మళ్ళీ మలుపు వైపు చూశాడు. అక్కణ్ణించి ఇక్కడికి ఎన్ని అడుగులో అతనికి తెలుసు. మనిషి లేచి, దుమ్ము దులుపుకుని, తూర్పుకు తిరిగి చేతులు చాపి నిలబడడానికి ఆ సమయం బోలెడు.

"ప్రతి వారమూనా?" అన్నాడు.

"మొదటి నెల నుంచీ."

"ఆ శనివారం కూడానా?"

"ఆ శనివారం చెప్పు తెగితే కుట్టుకుంటున్నాను. దబ్బనం వేలికి గుచ్చుకుని తిట్టుకుంటున్నాను. నీ డబ్బా చప్పుడైంది. చెప్పు మూలకు విసిరి లేచాను. నువ్వు దగ్గావు. విన్నాను. రెండోసారి దగ్గావు, అదీ విన్నాను. త్వరగా పోతే బాగుండు, చేతులు గుంజుతున్నాయి అనుకున్నాను. ఈసారి ఆలివ్ కాయలు తెచ్చావో లేదో అనుకున్నాను."

బిసాదా డబ్బా దించి దాని మీద కూర్చున్నాడు. కోప్పడతాడనుకున్నాను, అతనికి హక్కుంది. నవ్వుతాడేమో అని కూడా అనుకున్నాను, మామూలుగా అయితే నవ్వేవాడే. తన చెప్పుల వైపు చూస్తూ కూర్చున్నాడు. వచ్చినప్పుడు అతని ముఖంలో తప్పు చేసినవాడి భయం ఉంది, దాని వెనక ఏదో ఒక చిన్న ఓదార్పు కూడా ఉంది. ఇప్పుడు రెండూ లేవు. కొట్లో ఆ రోజు నా ముఖం ఎలా ఉండి ఉంటుందో అతని ముఖం చూసి తెలుసుకున్నాను.

"అయితే నేను దేనికోసం దాచాను, వదీ?" అన్నాడు.

సన్యాసం పుచ్చుకున్నాక నన్ను ఆ పేరుతో పిలిచినవాళ్ళు లేరు. మఠానికి వచ్చినప్పుడు అమ్మ కూడా నోరు తిరగక తిరగక అబూనా అనేసి నవ్వేది.

బిసాదా లేచాడు. నల్లగుడ్డ ముడి విప్పి జేబులో పెట్టుకున్నాడు. తెల్లది కట్టలేదు. రొట్టె, ఉప్పు రాయి మీద పెట్టి, ఖాళీ డబ్బా తీసుకుని, గుహ వైపు చూడకుండా, రాతికి ముద్దు పెట్టుకోకుండా దిగిపోయాడు. వెనక్కి వస్తాడేమో, మలుపు దగ్గర డబ్బా దించిన చప్పుడు వినిపిస్తుందేమోనని చెవి ఒగ్గి కూర్చున్నాను. ఎండ గుహలోకి వచ్చేదాకా కూర్చున్నాను. వినిపించలేదు.